క్షమాపణ అంటే ఏమిటి? క్రైస్తవ బోధలో దాని అర్థం, బడిపిల్లలకు చెప్పే తీరు

బడిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటారు. టీచరు ఇద్దరినీ పిలిచి, "సారీ చెప్పుకోండి, చేతులు కలపండి" అంటారు. పిల్లలు నేల చూపులు చూస్తూ చేతులు కలుపుతారు. సాయంత్రం ఇంటికొచ్చి ఒకడు అడుగుతాడు: "అమ్మా, వాడు సారీ చెప్పాడు. కానీ నాకు ఇంకా కోపంగానే ఉంది. నేను క్షమించినట్టా, క్షమించనట్టా?"

పెద్దవాళ్లం చాలామందిమి ఈ ప్రశ్నకు తడుముకుంటాం. చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాల్లో క్రైస్తవులు ఉన్నారు, ఇతర మతాలవారూ ఉన్నారు. పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకుంటారు. అందుకే క్రైస్తవ బోధలో క్షమాపణకు ఉన్న అర్థాన్ని అందరికీ తెలిసేలా ఇక్కడ వివరిస్తున్నాం. సండే స్కూలులో, వేసవి వి.బి.ఎస్. తరగతుల్లో పాఠం చెప్పేవారికీ, ఇంట్లో పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సినవారికీ ఇది పనికొస్తుందని మా ఆశ.

ఒకే మాటకు రెండు అర్థాలు

ముందుగా మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. "ఆయన క్షమాపణ చెప్పారు" అని పేపర్లో చదివితే, తప్పు చేసినవాడు తప్పు ఒప్పుకున్నాడని అర్థం. చర్చిలో "పాపక్షమాపణ" అన్నప్పుడు అర్థం తిరగబడుతుంది. అక్కడ క్షమాపణ అంటే తప్పు పడినవాడు ఇచ్చేది. ఒకే మాట అడిగేవాడి వైపునా, ఇచ్చేవాడి వైపునా వాడుకలో ఉండటం వల్ల పిల్లలు రెండింటినీ కలిపేసుకుంటారు. "సారీ చెప్పాను కాబట్టి అయిపోయింది" అనే ధోరణి కొంతవరకు ఇక్కడి నుంచే వస్తుంది. అడగటం ఒక పని, ఇవ్వటం మరో పని, రెండింటినీ చేసే మనుషులు వేరు. ఈ సంగతి మొదటి పాఠంలోనే చెప్పాలి.

మనకు ఇంకో మంచి మాట ఉంది, "మన్నించు". దానికి క్షమించు అనే అర్థంతో పాటు గౌరవించు, ఆదరించు అనే అర్థమూ ఉంది. మన్నన అనే మాట అందులోదే. తప్పు చేసినవాణ్ణి మళ్లీ మనిషిగా చూడటం అనే భావం తెలుగు మాటలోనే ఉందన్నమాట. "క్షమ" అనే సంస్కృత పదానికి ఓర్పు అనే అర్థం ఉంది, భూమి అనే అర్థమూ ఉంది.

బాకీ లెక్కగా చెప్పిన బోధ

యేసు శిష్యులకు నేర్పిన ప్రార్థన మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. క్రైస్తవ ఇళ్లలో పిల్లలు మాటలు నేర్చే వయసులోనే దాన్ని కంఠస్థం చేస్తారు. అందులో క్షమాపణ గురించి వచ్చే చోట తెలుగు బైబిలు "ఋణం" అనే మాట వాడుతుంది. లూకా సువార్తలో అదే ప్రార్థనలో దేవుణ్ణి పాపాలు క్షమించమని అడగటం కనిపిస్తుంది. యేసు మాట్లాడిన అరమేయిక భాషలో బాకీకీ పాపానికీ ఒకే మాట వాడేవారు. సువార్తలు రాసిన గ్రీకు భాషలో క్షమించు అనే క్రియకు వదిలిపెట్టు, విడిచిపెట్టు అని అర్థం.

ఇది మన రైతు కుటుంబాల పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. రుణమాఫీ అనే మాట ఇంట్లో వింటారు. బడిలో, కన్నడ పేపర్లో "సాల మన్నా" అని చదువుతారు. బాకీ మాఫీ అయిందంటే అసలు బాకీయే లేదని కాదు, అది నిజంగా ఉండేదనే అర్థం. లేని బాకీని ఎవరూ మాఫీ చేయరు. క్షమించటమూ అంతే. తప్పు జరగలేదని చెప్పటం క్షమాపణ కాదు. తప్పు జరిగిందని ఒప్పుకుని, దాని లెక్కను వదులుకోవటం క్షమాపణ.

ఆ ప్రార్థనలో ఒక షరతు లాంటి మాట కూడా ఉంది. మేము ఇతరులను క్షమించినట్టే మమ్మల్ని క్షమించు అని దేవుణ్ణి అడుగుతాం. ప్రార్థన ముగిసిన వెంటనే యేసు మళ్లీ ఈ ఒక్క అంశాన్నే ఎత్తి వివరించాడు. ప్రార్థనలోని మిగతా విన్నపాల్లో దేనికీ అలా విడిగా వివరణ ఇవ్వలేదు. ఈ బోధలో క్షమాపణకు ఉన్న చోటు ఏమిటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏడుసార్లా? ఒక మాట, ఒక లెక్క

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో పేతురు ఒక ప్రశ్న అడుగుతాడు. సోదరుడు నా పట్ల తప్పు చేస్తూ పోతే ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లు చాలా? యేసు జవాబు డెబ్బై ఇంటు ఏడు. తెలుగు బైబిలులో ఇక్కడ "ఏళ్ల" అనే మాట ఉంటుంది. పిల్లలు దాన్ని సంవత్సరాలు అనుకుని, డెబ్బై ఏళ్లు క్షమించాలేమో అనుకుంటారు. ఇక్కడ అది ఏడు అంకెకు బహువచనం. కాలంతో దానికి సంబంధం లేదు. కొందరు పిల్లలు వెంటనే గుణించి 490 అంటారు. 491వ సారి కొట్టవచ్చా అని అడిగే గడుగ్గాయి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. లెక్క పెట్టుకోవద్దనే దాని భావమని చెప్పాలి.

ఆ వెంటనే యేసు ఒక కథ చెప్పాడు. ఒక సేవకుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ పడ్డాడు. తెలుగు బైబిలులో దీన్ని "అచ్చియుండు" అంటారు. నేటి పిల్లలకు ఆ మాట తెలియదు, బాకీ ఉండటం అని చెప్పండి. సేవకుడు కాళ్ల మీద పడి గడువు అడిగాడు. రాజు గడువు ఇవ్వలేదు, బాకీ మొత్తాన్నే వదిలేశాడు. ఆ సేవకుడే బయటికి వెళ్లి, తనకు నూరు దేనారాలు ఇవ్వాల్సిన తోటివాడి గొంతు పట్టుకున్నాడు. అతను గడువు అడిగినా వినకుండా చెరసాలలో వేయించాడు. చూసినవారు ఊరుకోలేక రాజుకు చెప్పారు. రాజు అతణ్ణి పిలిపించి నిలదీసి శిక్షించాడు.

ఈ కథ బలమంతా లెక్కలో ఉంది. దేనారం అంటే ఒక రోజు కూలి. ఇదే సువార్త 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీలకు ఇచ్చేదీ అదే. ద్రాక్షతోటల మధ్య పెరిగే మన పిల్లలకు ఆ కథా చెప్పవచ్చు. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. రోజు కూలి 400 రూపాయలు అనుకుని నల్లబల్ల మీద లెక్క వేయించండి. నూరు దేనారాలు 40,000 రూపాయలు. పదివేల తలాంతులు ఆరు కోట్ల రోజుల కూలి, అంటే 2,400 కోట్ల రూపాయలు. ఒక్కడే సంపాదించి తీర్చాలంటే లక్షా అరవై వేల ఏళ్లకు పైగా పడుతుంది. 2,400 కోట్లు మాఫీ అయినవాడు 40,000 కోసం గొంతు పట్టుకున్నాడు. పిల్లలకు వేరే నీతివాక్యం అక్కర్లేదు.

ఇంకో సంగతి గమనించండి. 40,000 రూపాయలు కూడా చిన్న మొత్తం కాదు. మూడు నెలలకు పైగా చేసిన కష్టం. కాబట్టి "నీకు జరిగింది ఏమంత పెద్ద విషయం?" అని ఈ కథ అనటం లేదు. మన మనసుకు తగిలిన దెబ్బ నిజమైనదే, కానీ మనం పొందిన క్షమ అంతకంటే ఎంతో పెద్దది అంటోంది. క్రైస్తవ బోధలో క్షమించటానికి మూలకారణం ఇదే. ఎదుటివాడు అందుకు తగినవాడా అనేది మొదటి ప్రశ్న కాదు.

ఇద్దరు కొడుకుల కథ

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ చాలామందికి తెలుసు. తండ్రి బతికుండగానే చిన్నకొడుకు తన భాగం పంచుకుని, దూరదేశం వెళ్లి అంతా తగలేశాడు. కరువు వచ్చి పందులు మేపే స్థితికి చేరాడు. బుద్ధి వచ్చి, కూలివాడిగానైనా ఉంటానని చెప్పుకోవటానికి తిరిగొచ్చాడు. దూరం నుంచే చూసిన తండ్రి పరుగెత్తి వెళ్లి కౌగిలించుకున్నాడు.

ఈ కథను చాలామంది ఇక్కడే ఆపేస్తారు. పెద్దకొడుకు సంగతి వదిలేయకూడదు. ఏళ్ల తరబడి పొలంలో కష్టపడినవాడు, తమ్ముడికి విందు అని విని కోపంతో ఇంట్లోకి రానన్నాడు. తండ్రి అతణ్ణి కసరలేదు. చిన్నవాడికి ఎదురెళ్లినట్టే పెద్దవాడి కోసమూ బయటికి వచ్చి బతిమాలాడు. మిగిలినదంతా నీదే అని చెప్పాడు. అంటే క్షమించటానికి ఆస్తి మళ్లీ పంచలేదు. చిన్నవాడు పోగొట్టిన భాగం పోయినట్టే. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో కథ చెప్పదు.

మన ఊళ్లలో గట్టు తగాదాతోనో, భాగాల తగాదాతోనో అన్నదమ్ముల ఇళ్ల మధ్య ఏళ్లకేళ్లు మాటల్లేకుండా పోవటం కొత్త కాదు. "వాళ్లకూ మాకూ మాటల్లేవు" అని పిల్లలకు చెబుతాం. ఆ పిల్లలే బడిలో ఒకే బెంచీలో కూర్చుంటారు. క్షమాపణ పాఠం ముందుగా ఎవరికి అవసరమో పెద్దకొడుకు పాత్ర చెబుతుంది.

తప్పు చేసినవాడి వంతు

క్షమ ఉచితమే అయినా, తప్పు చేసినవాడు చేయాల్సిన పని ఉంది. దాన్నే పశ్చాత్తాపం అంటారు. మనసు మార్చుకుని దారి మళ్లటం అని దాని భావం. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య అనే సుంకరి ఉన్నాడు. యేసు అతని ఇంటికి అతిథిగా వెళ్లాడు. జక్కయ్య తన ఆస్తిలో సగం పేదలకు ఇస్తాననీ, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తాననీ చెప్పాడు.

పిల్లలకు దీన్ని ఇలా చెప్పవచ్చు. స్నేహితుడి కంపాస్ బాక్సు విరగ్గొట్టి సారీ చెబితే సగం పనే అయింది. ఏం చేశానో పేరుపెట్టి చెప్పటం, విరిగినదానికి బదులు ఇవ్వటం, మళ్లీ చేయకపోవటం, ఈ మూడూ కలిస్తేనే అడగటం పూర్తవుతుంది. పుకారు పుట్టించి ఒకరి పేరు పాడుచేస్తే, ఆ పుకారు విన్నవారి దగ్గరికి వెళ్లి అది అబద్ధమని చెప్పాలి. డబ్బు తిరిగి ఇవ్వటం కంటే ఇది కష్టం.

మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఒక గట్టి మాట ఉంది. బలిపీఠం దగ్గర కానుక ఇవ్వబోతుండగా ఎవరికైనా నీ మీద మనస్తాపం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే ఉంచి ముందు వెళ్లి సమాధానపడమని. సి.ఎస్.ఐ. సంఘాల్లో ప్రభు భోజన ఆరాధనలో సమాధాన వందనం అందించుకునే పద్ధతికి వెనుక ఉన్న ఆలోచన ఇదే. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం తన ఆరాధన క్రమంలో ఈ పాత ఆచారానికి మళ్లీ చోటిచ్చింది. కతోలిక సంఘంలో పాపసంకీర్తనం ఉంది. పిల్లలు మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకునే ముందు గురువు దగ్గర తప్పులు ఒప్పుకోవటం నేర్చుకుంటారు. ప్రొటెస్టెంటు సంఘాల్లో సాధారణంగా అందరూ కలిసి చేసే ఒప్పుకోలు ప్రార్థన ఉంటుంది. పద్ధతి ఏదైనా, పాపం క్షమించేవాడు దేవుడే అనే నమ్మకం ఒక్కటే.

క్షమ కానిది ఏమిటి?

ఇది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. క్షమించమని నేర్పే మాటనే కొందరు పిల్లల నోరు మూయించటానికి వాడుకుంటారు. "పెద్దవాడు కదా, క్షమించెయ్", "ఎవరికీ చెప్పకు, దేవుడు క్షమించమన్నాడు" అనే మాటలు క్రైస్తవ బోధ కావు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో యేసు చెప్పిన క్రమం చూడండి. తప్పు చేసిన సోదరుణ్ణి ముందు గద్దించాలి, అతను పశ్చాత్తాపపడితే క్షమించాలి. తప్పును తప్పు అనటం క్షమకు మొదటి మెట్టు. మత్తయి 18వ అధ్యాయంలో ముందు ఒంటరిగా వెళ్లి చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. దాచమని ఎక్కడా లేదు. సమానుల మధ్య గొడవకు ఈ క్రమం సరిపోతుంది. పిల్లవాడికి పెద్దవాడు హాని చేసినప్పుడు మాత్రం ఆ పిల్లవాణ్ణి ఒంటరిగా అతని దగ్గరికి పంపకూడదు.

ఒక చెంప మీద కొడితే రెండోది చూపమన్న మాట గురించి పిల్లలు తప్పకుండా అడుగుతారు. పగకు పగ తీర్చుకోవద్దని ఆ మాట ఉద్దేశం. యోహాను సువార్త 18వ అధ్యాయంలో విచారణ వేళ ఒక బంట్రోతు కొట్టినప్పుడు, యేసు తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు. నన్నెందుకు కొట్టావని అడిగాడు.

క్షమించటం వేరు, నమ్మటం వేరు. ఆదికాండంలో యోసేపును అన్నలు ఇరవై వెండి నాణేలకు అమ్మేశారు. ఏళ్ల తర్వాత కరువులో వాళ్లు ఐగుప్తుకు వచ్చినప్పుడు అతను వెంటనే బయటపడలేదు. చిన్నతమ్ముడు బెన్యామీను విషయంలో వాళ్లు మారారో లేదో పరీక్షించి, ఆ తర్వాతే ఏడ్చి కౌగిలించుకున్నాడు. నమ్మకం తిరిగి రావటానికి సమయం పడుతుంది.

చట్టం సంగతీ పిల్లల తల్లిదండ్రులకు తెలిసి ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టం బడిలో పిల్లలను కొట్టటాన్ని, మానసికంగా హింసించటాన్ని నిషేధించింది. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, దాచటమే నేరం. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఫిర్యాదు చేసినంత మాత్రాన క్షమించలేదని కాదు.

మన దేశంలో జరిగినవి

ఆస్ట్రేలియా నుంచి వచ్చిన గ్రాహం స్టెయిన్స్ ఒడిశాలోని బారిపదలో కుష్ఠురోగులకు సేవ చేసేవారు. 1999 జనవరి 22 అర్ధరాత్రి తర్వాత మనోహర్‌పూర్ గ్రామంలో, వాహనంలో నిద్రిస్తున్న ఆయననూ, పదేళ్ల ఫిలిప్‌నూ, ఆరేళ్ల తిమోతినీ ఒక గుంపు సజీవ దహనం చేసింది. ఆయన భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని బహిరంగంగా ప్రకటించారు. కుమార్తెతో బారిపదలోనే కొన్నేళ్లుండి రోగుల సేవ కొనసాగించారు. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది. కేసు మాత్రం ఆగలేదు. ప్రధాన దోషికి 2003లో మరణశిక్ష పడింది, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖరారు చేసింది. ఆమె క్షమించారు, చట్టం తన పని తాను చేసింది. రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

కేరళకు చెందిన సిస్టర్ రాణి మరియ మధ్యప్రదేశ్‌లో పేద రైతుల పక్షాన పనిచేశారు. 1995 ఫిబ్రవరి 25న ఆమెను బస్సులో పొడిచి చంపారు. ఆమె సొంత చెల్లెలు, తానూ ఒక సన్యాసినే, జైలుకు వెళ్లి హంతకుడికి రాఖీ కట్టి తమ్ముడిగా స్వీకరించింది. అతను పశ్చాత్తాపపడ్డాడు. 2017 నవంబరు 4న ఇందోరులో రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించారు.

ఇలాంటివి చెప్పేటప్పుడు పిల్లల మీద బరువు పెట్టకండి. "ఆమె అంత పెద్దది క్షమించింది, నువ్వు పెన్సిలు విషయం క్షమించలేవా?" అంటే పాఠం చెడుతుంది. ఏళ్ల విశ్వాసం నుంచి వచ్చిన నిర్ణయం అది, ఎవరూ బలవంతం చేస్తే వచ్చింది కాదు.

క్షమ ఒక్క మతం సొత్తు కాదని కూడా చెప్పాలి. పోతన భాగవతంలో, నిద్రలో ఉన్న తన కొడుకులను చంపిన అశ్వత్థామను కట్టి తెచ్చినప్పుడు, ద్రౌపది అతణ్ణి విడిచిపెట్టమంటుంది. తనలాగే అతని తల్లి ఏడవకూడదని ఆమె బాధ. అయినా అర్జునుడు అతని తలలోని మణి తీసుకుని, అవమానించే పంపాడు. అక్కడా క్షమ, శిక్ష పక్కపక్కనే ఉన్నాయి. జైనులు పర్యూషణం ముగింపులో ఒకరినొకరు క్షమాపణ వేడుకుంటారు. పక్కింటి పిల్లలతో మాట్లాడుకోవటానికి ఇవి మంచి వంతెనలు.

ఇంట్లో ఎలా నేర్పాలి?

చేతులు బలవంతంగా కలిపించవద్దు. ముందు ఏం జరిగిందో ఇద్దరి దగ్గరా విడివిడిగా వినండి. నొచ్చుకున్న పిల్లవాడికి కొంత సమయం ఇవ్వండి.

"పర్వాలేదులే" అనే మాటకూ "క్షమించాను" అనే మాటకూ తేడా చెప్పండి. పొరపాటున కాలు తగిలితే పర్వాలేదు అంటాం. కావాలని చేసినదానికి ఆ మాట సరిపోదు. "నువ్వు చేసింది తప్పు, నాకు బాధ కలిగింది, అయినా నీ మీద పగ పెట్టుకోను" అనటం నేర్పండి.

తల్లిదండ్రులు పిల్లలను క్షమించమని అడగటం అలవాటు చేసుకోవాలి. అనవసరంగా చేయి చేసుకుంటే, "తప్పు నాదే నాన్నా, నన్ను క్షమించు" అనండి. పెద్దరికం తగ్గదు. ఈ పాఠం పిల్లలు విని నేర్చుకునేదానికంటే చూసి నేర్చుకునేదే ఎక్కువ.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. కోపం ఇంకా ఉంటే క్షమించినట్టా? క్షమించటం ముందు ఒక నిర్ణయం. తిరిగి దెబ్బ తీయను, పదిమందిలో అతన్ని తక్కువ చేయను, అతనికి చెడు కోరను అని అనుకోవటం. మనసు ఆ నిర్ణయం వెంట మెల్లగా నడుస్తుంది. రేపు కోపం మళ్లీ వస్తే మళ్లీ అదే నిర్ణయం తీసుకోవాలి. డెబ్బై ఇంటు ఏడు అన్నది ఒకే తప్పును మళ్లీ మళ్లీ క్షమించటానికి కూడా వర్తిస్తుంది. కాబట్టి ఆ పిల్లవాడికి ఇలా చెప్పవచ్చు: "కోపం ఉండటం తప్పు కాదు నాన్నా. రేపు బడిలో వాణ్ణి చూసినప్పుడు ఏం చేస్తావన్నదే నీ చేతుల్లో ఉంది."